ఫార్మాట్ అనే శాంతి పూజ

మా బిర్సానగర్ లో కంప్యూటర్ కి ఏ జబ్బు చేసినా ఒకటే మందు. "ఫార్మాట్ కొట్టించెయ్యండి." స్లో అయితే ఫార్మాట్, ప్రింటర్ పని చెయ్యకపోతే ఫార్మాట్, తెర మీద అడగని బొమ్మలు వస్తే ఫార్మాట్. రోగం ఏదైనా ఒకే తాయెత్తు కట్టేవాడికీ, కారణం ఏదైనా ఫార్మాట్ కొట్టేవాడికీ పెద్ద తేడా నాకు కనపడదు. ఒక్క తేడా ఉంది. తాయెత్తు ఎప్పుడూ పని చెయ్యదు, ఫార్మాట్ కొన్నిసార్లు నిజంగానే పని చేస్తుంది. అందుకే దానికి భక్తులు ఎక్కువ. చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు ఆ భక్తుల్లో.

అక్కర్లేని సాఫ్ట్‌వేర్ ని ఇంట్లో కంప్యూటర్ నుంచి తీసెయ్యడం పెద్ద విద్య కాదు. కానీ తీసే ముందు "ఏం తీస్తున్నాం? అది అక్కడికి ఎలా వచ్చింది? పోయిందని మనకి ఎలా తెలుస్తుంది?" అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దేవుడి గురించి, జ్యోతిషం గురించి ఇలాంటి ప్రశ్నలు వేసే హేతువాదులు కూడా కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి షాపువాడు చెప్పిందే వేదం అనుకోవడం నేను చూశాను. మా పెదనాన్న గారి కంప్యూటర్ కథ చెబుతాను. అందులో ఒకసారి అక్కర్లేకుండా ఫార్మాట్ చేశారు. ఇంకోసారి తప్పనిసరిగా చెయ్యాల్సి వచ్చింది, కానీ అప్పుడు చెయ్యమని ఎవరూ అనలేదు.

బిర్సానగర్ జంషెడ్‌పూర్ లో టెల్కో వైపు ఉంటుంది. బిర్సా ముండా పేరు మీద వెలసిన పేట. ఇక్కడ అడ్రస్ జోన్ నంబర్ తో చెబుతాం. జంషెడ్‌పూర్ లో తెలుగువాళ్ళు తాతల కాలం నుంచి ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఫ్యాక్టరీ పనులకి వచ్చి ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. మా పెదనాన్న ఇక్కడే ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు. మా వీధిలో తెలుగు పేపర్ వేసేవాడు లేడు. కాబట్టి ఆయనకి తెలుగు అక్షరం కనిపించే చోటు ఇంటర్నెట్టే. 2020 లాక్ డౌన్ లో మనవరాలి ఆన్‌లైన్ క్లాసుల కోసం ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్ టాప్ కొన్నారు. క్లాసులు అయిపోయాక అది ఆయనదైపోయింది. ఉదయం కాఫీ తాగుతూ వార్తలు, ఆ తర్వాత రాశి ఫలాలు. సెప్టెంబర్ 17 న విశ్వకర్మ పూజ రోజు, ఫ్యాక్టరీల్లో మెషీన్లకి పెట్టినట్టే, మా పెద్దమ్మ ఆ సీపీయూకి కూడా బొట్టు పెడుతుంది. నేను ఏమీ అనను. బొట్టు వల్ల కంప్యూటర్ కి నష్టం లేదు, లాభమూ లేదు.

2023 లో తెర కింది మూలన ఎర్ర రంగు పెట్టెలు రావడం మొదలైంది. "మీ కంప్యూటర్ లో 5 వైరస్ లు ఉన్నాయి", "మీ బ్యాంక్ వివరాలు ప్రమాదంలో ఉన్నాయి", ఇలాంటివి. బెంగుళూరులో ఉన్న అన్నయ్య ఫోన్ లోనే తీర్పు చెప్పేశాడు, "షాపుకి పంపించి ఫార్మాట్ కొట్టించండి నాన్నా". షాపులో 500 రూపాయలు తీసుకుని కొట్టిచ్చారు. డి డ్రైవ్ అలాగే ఉంచామని చెప్పారు. కానీ పెదనాన్న డెస్క్ టాప్ మీద ఒక ఫోల్డర్ పెట్టుకున్నారు. ఊరి నుంచి చుట్టాల దగ్గర పాత ఫొటోలు తెప్పించి, కొన్ని నెలల పాటు ఒక్కొక్కటి స్కాన్ చేసి, మళ్ళీ ఎవరి ఫొటోలు వాళ్ళకి పంపించేశారు. ఆయన తల్లిగారి ఫొటో, పడిపోయిన పాత ఇంటి ఫొటో అందులోనే ఉన్నాయి. డెస్క్ టాప్ అంటే సి డ్రైవ్ లో ఒక ఫోల్డర్ అని ఆయనకి తెలియదు. తెలియాల్సిన షాపువాడు అడగలేదు. ఫోల్డర్ పోయింది.

నాలుగు రోజుల తర్వాత ఎర్ర పెట్టెలు మళ్ళీ వచ్చాయి.

అప్పుడు నన్ను పిలిచారు. నేను మెకానిక్ ని కాదు, కానీ ఒక పని చేశాను. పెట్టె వచ్చినప్పుడు దాన్ని మూసెయ్యకుండా చదివాను. అందులో చిన్న అక్షరాలతో బ్రౌజర్ పేరు, దాని కింద ఒక వెబ్‌సైట్ పేరు ఉన్నాయి. అంటే అది వైరస్ కాదు. అసలు కంప్యూటర్ లో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామే కాదు. అది నోటిఫికేషన్. ఏదైనా సైట్ తెరిచినప్పుడు "ఈ సైట్ మీకు నోటిఫికేషన్లు పంపాలనుకుంటోంది, అలో, బ్లాక్" అని అడుగుతుంది కదా, అక్కడ అలో నొక్కితే ఆ సైట్ మూసేసిన తర్వాత కూడా మన తెర మీద ఏదైనా రాయడానికి మనమే అనుమతి ఇచ్చినట్టు. క్రోమ్ లో ఈ సౌకర్యం 2015 నుంచి ఉంది. మంచి పనికి పెట్టారు, ఈమెయిల్ వస్తే చెప్పడం లాంటి వాటికి. భయపెట్టి అమ్ముకునేవాళ్ళకి కూడా అది పనికొచ్చింది. పెదనాన్న విషయంలో అలో నొక్కించింది ఒక రాశి ఫలాల సైట్. "మీ ఫలం చూడాలంటే అలో నొక్కండి" అని రాసి ఉంది దాని మీద. ఫార్మాట్ చేసిన మర్నాడే ఆయన మళ్ళీ అదే సైట్ కి వెళ్ళి మళ్ళీ అదే నొక్కారు.

తియ్యడానికి అర నిమిషం పట్టింది. బ్రౌజర్ సెట్టింగ్స్ లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో పదకొండు పేర్లు ఉన్నాయి. అన్నీ తీసేసి, ఇక మీదట ఏ సైటూ అడగకూడదని పెట్టాను. పెట్టెలు ఆగాయి. అర నిమిషం పనికి ఒక ఇంటి జ్ఞాపకాలన్నీ తుడిచేశారన్న మాట.

ఈ మోసం పద్ధతి కొత్తది కాదు. మా జార్ఖండ్ వాళ్ళకి అసలే కొత్త కాదు. ఇక్కడ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఓఝా దగ్గరికి వెళ్ళడం, అతను ఒక ఒంటరి ఆడదాన్ని చూపించి "డాయన్" అనడం, ఆ తర్వాత జరిగే ఘోరాలు మనం పేపర్లలో చదువుతూనే ఉంటాం. బీహార్ 1999 లో చేసిన డాయన్ నిరోధక చట్టాన్ని జార్ఖండ్ 2001 లో తీసుకుంది. మా పక్క జిల్లా సరాయికేలా-ఖర్సావాన్ కి చెందిన ఛుట్నీ దేవి ఆ ముద్ర నుంచి బతికి బయటపడి, తన లాంటి ఆడవాళ్ళ కోసం పోరాడినందుకు ఆమెకి 2021 లో పద్మశ్రీ ప్రకటించారు. ఒక ప్రాణానికీ ఒక పాప్ అప్ కీ నేను పోలిక పెట్టడం లేదు. పద్ధతిలో పోలిక ఉందంటున్నాను. ముందు కంటికి కనపడని శత్రువు ఉందని చెప్పాలి. దాన్ని చూడగలిగే కళ్ళు తనకే ఉన్నాయని నమ్మించాలి. తర్వాత రేటు చెప్పాలి.

కంప్యూటర్ లోకంలో దీనికి కోర్టు రికార్డే ఉంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 లో ఇన్నొవేటివ్ మార్కెటింగ్ అనే సంస్థ మీద కేసు వేసింది. విన్‌ఫిక్సర్, ఎర్రర్ సేఫ్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి పేర్లతో వీళ్ళు ప్రోగ్రాములు అమ్మేవారు. ముందు ఉచితంగా స్కాన్ చేసినట్టు చూపించి, లేని వైరస్ లు కనపడ్డాయని చెప్పి, బాగు చెయ్యడానికి 40 నుంచి 60 డాలర్ల దాకా వసూలు చేసేవారు. మోసపోయిన వాళ్ళు పది లక్షల మందికి పైనే అని కమిషన్ చెప్పింది. 2012 లో కోర్టు 16 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టమని తీర్పు ఇచ్చింది.

ఇంతకన్నా నాకు ఇష్టమైన కేసు ఇంకొకటి ఉంది, ఆఫీస్ డిపో కేసు. ఇది గుర్తు తెలియని మోసగాళ్ళది కాదు, పేరున్న పెద్ద దుకాణాల సంస్థది. కంప్యూటర్ తీసుకెళితే ఉచితంగా "ఆరోగ్య పరీక్ష" చేసేవారు. పరీక్షకి ముందు నాలుగు ప్రశ్నలు. పాప్ అప్ లు వస్తున్నాయా? స్లోగా ఉందా? వైరస్ హెచ్చరికలు వచ్చాయా? మాటిమాటికీ క్రాష్ అవుతోందా? వీటిలో ఒక్కదానికైనా "అవును" అని టిక్కు పెడితే చాలు, స్కాన్ లో ఏమి కనపడినా కనపడకపోయినా "మాల్వేర్ లక్షణాలు ఉన్నాయి" అని ఫలితం వచ్చేది. అంటే మనం చెప్పిందే తిరిగి మనకి చెప్పి డబ్బు తీసుకోవడం. జ్యోతిష్కుడు చేసేది ఇదే కదా? "మీకు ఈ మధ్య మనశ్శాంతి తక్కువగా ఉంది" అంటాడు, మనశ్శాంతి ఉన్నవాడు అతని దగ్గరికి ఎందుకు వెళతాడు? 2019 లో ఆఫీస్ డిపో రెండున్నర కోట్ల డాలర్లు, ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి.

రిజిస్ట్రీ క్లీనర్ల గురించి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. షాపుల్లో ఇది రెండో తాయెత్తు. విండోస్ లో రిజిస్ట్రీ అంటే సెట్టింగులు రాసుకునే పెద్ద పుస్తకం. ఒక ప్రోగ్రాం తీసేశాక దాని తాలూకు కొన్ని పంక్తులు అందులో మిగిలిపోతాయి, నిజమే. క్లీనర్ అవన్నీ లెక్కపెట్టి "843 లోపాలు" అని ఎర్ర అక్షరాలతో చూపిస్తుంది. కానీ రిజిస్ట్రీని విండోస్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకుంటూ పోదు, కావలసిన పంక్తి దగ్గరికే నేరుగా వెళుతుంది. లక్షల పంక్తుల్లో కొన్ని వందల పనికిరానివి ఉంటే వేగం తగ్గదు. ఓటర్ల జాబితాలో చనిపోయిన వాళ్ళ పేర్లు ఉన్నంత మాత్రాన మీరు ఓటు వెయ్యడానికి ఎక్కువ సమయం పట్టదు కదా. పైగా అవసరమైన పంక్తి కొట్టేస్తే విండోస్ పైకి లేవదు. ఈ క్లీనర్లకి తాము మద్దతు ఇవ్వమని మైక్రోసాఫ్ట్ రాతపూర్వకంగానే చెప్పింది. తమ సొంత ఇన్‌స్టాలర్ క్లీనప్ టూల్ ని కూడా 2010 లో ఉపసంహరించుకుంది, అది వేరే ప్రోగ్రాములని పాడు చేస్తోందని. ఇక 2017 లో అయితే సీక్లీనర్ అనే ప్రసిద్ధ క్లీనర్ 5.33 వెర్షన్ లోనే ఎవరో దొంగ కోడ్ చొప్పించారు. ఆ వెర్షన్ 22 లక్షల 70 వేల కంప్యూటర్లలోకి వెళ్ళింది. చీపురే చెత్త మోసుకొచ్చింది.

పెదనాన్న కథలో అసలు ప్రమాదం 2025 జులైలో వచ్చింది.

ఏదో సైట్ లో పేజీ మొత్తం తెర నిండిపోయి, సైరన్ మోగుతూ, "కంప్యూటర్ ఆపకండి, ఈ నంబర్ కి ఫోన్ చెయ్యండి" అని వచ్చింది. ఇది నోటిఫికేషన్ కాదు, మామూలు వెబ్ పేజీయే. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకుని, పేజీ మూసేస్తే పోతుంది. పెదనాన్న ఫోన్ చేశారు. అవతలి వ్యక్తి మర్యాదగా హిందీలో మాట్లాడి, ఒక చిన్న ప్రోగ్రాం దింపించి, తెర మీద ఒక నంబర్ చదివించుకుని, గంట సేపు "బాగు చేసి", మూడేళ్ళ ప్లాన్ కి 6,999 రూపాయలు యూపీఐలో వేయించుకున్నాడు. రెండు వారాల తర్వాత "మా కంపెనీ మూసేస్తున్నాం, మీ డబ్బు వెనక్కి ఇస్తాం, నెట్ బ్యాంకింగ్ తెరవండి" అని ఇంకో ఫోన్. పెదనాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తెర చూస్తూ ఉంటే మౌస్ బాణం దానంతట అదే కదిలింది. పెద్దమ్మ "గాలి చేష్ట" అని గట్టిగా అరిచింది. ఆ అరుపుకి ఆయన ప్లగ్ పీకేశారు. మూఢనమ్మకం వల్ల మేలు జరిగిన సందర్భం నా జీవితంలో ఇదొక్కటే, కాబట్టి నిజాయితీగా రాస్తున్నాను.

రిటైర్మెంట్ డబ్బు ఆ ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ గా ఉంది. ఆయన బ్యాంకులో డిపాజిట్ ని ఆన్‌లైన్ లోనే బ్రేక్ చెయ్యొచ్చు.

ఈ రకం ఫోన్ మోసాల గురించి చెప్పుకోవాలంటే మా రాష్ట్రం తల దించుకోవాలి. మాకు ఉత్తరాన ఉన్న జామ్‌తాడా జిల్లా పేరు దేశమంతా ఫోన్ మోసాలకి మారుపేరైపోయింది, 2020 లో ఆ పేరుతో వెబ్ సిరీస్ కూడా వచ్చింది. అదే జిల్లాలోని కర్మాటాడ్ లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ తన జీవితంలో చివరి భాగం చాలా వరకు గడిపారు. అక్కడి రైల్వే స్టేషన్ కి ఆయన పేరే పెట్టారు. 1856 వితంతు పునర్వివాహ చట్టం కోసం పోరాడిన మనిషి పేరున్న స్టేషన్ ఒకటి ఆ జిల్లాలో ఉందని ఎంతమందికి తెలుసు? పెదనాన్నకి ఫోన్ చేసినవాడు ఎక్కడివాడో నాకు తెలియదు, దాన్ని ఆ జిల్లాకి అంటగట్టను.

రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే ఎనీడెస్క్ అనే ప్రోగ్రాం పేరు చెప్పి మరీ బ్యాంకులని హెచ్చరించింది. ఎనీడెస్క్ దొంగ ప్రోగ్రాం కాదు. దూరంగా ఉన్న కంప్యూటర్ ని నడపడానికి లక్షల మంది న్యాయంగా వాడుకునేది. అసలు చిక్కు అదే. యాంటీవైరస్ తో స్కాన్ చేస్తే ఇలాంటి వాటిని "శుభ్రంగా ఉంది" అనే అంటుంది, ఎందుకంటే అది నిజంగానే మామూలు సాఫ్ట్‌వేర్. కత్తి వంటింట్లో ఉందా, మన మెడ మీద ఉందా అన్నది కత్తిని పరీక్షిస్తే తెలియదు. "అక్కర్లేనిది" అనేది సాఫ్ట్‌వేర్ కి ఉండే గుణం కాదు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అనేది విచారిస్తేనే తేలుతుంది.

నేను వెళ్ళగానే మొదట నెట్ కేబుల్ పీకి, తర్వాత కంప్యూటర్ ఆన్ చేశాను. ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితా తెరిచి తేదీ వరసలో పెట్టాను. పాస్ బుక్ లో 6,999 పోయిన తేదీ, జాబితాలో ఒక రిమోట్ ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అయిన తేదీ ఒకటే. అదే తేదీతో ఒక "పీసీ స్పీడ్" ప్రోగ్రాం కూడా ఉంది. రెండిటినీ మామూలు పద్ధతిలోనే అన్ ఇన్‌స్టాల్ చేశాను.

చాలా మంది ఇక్కడ ఆపేస్తారు. ఆ జాబితా అంటే ఏమిటో తెలిస్తే ఆపరు. విండోస్ స్వయంగా వెతికి తయారు చేసిన జాబితా కాదది. ప్రతి ప్రోగ్రామూ రిజిస్ట్రీలో అన్ ఇన్‌స్టాల్ అనే చోట తన పేరు తానే రాసుకుంటుంది. ఆ రాతల్నే విండోస్ మనకి చూపిస్తుంది. రాసుకోనిది అక్కడ కనపడదు. పైగా అన్ ఇన్‌స్టాల్ చేసే చిన్న ప్రోగ్రాం కూడా ఆ కంపెనీ రాసిందే. దొంగని పట్టుకుని "నీ సామాన్లన్నీ తీసుకుని పో" అంటే వాడు ఏది తన సామాను అంటే అదే పోతుంది. పెద్ద కంపెనీలే ఈ విషయంలో నమ్మకం నిలుపుకోలేదు. 2005 లో సోనీ బీఎంజీ తన మ్యూజిక్ సీడీలతో పాటు కంప్యూటర్లలో దాక్కునే సాఫ్ట్‌వేర్ పెట్టింది. మార్క్ రుసినొవిచ్ దాన్ని బయటపెట్టాక, తీసెయ్యడానికని వాళ్ళు ఇచ్చిన అన్ ఇన్‌స్టాలరే కొత్త రంధ్రం తెరిచిందని ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. 2015 లో లెనోవో లాప్‌టాప్ లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం బయటపడింది. దాన్ని అన్ ఇన్‌స్టాల్ చేసినా అది పెట్టిన రూట్ సర్టిఫికెట్ మిగిలిపోయేది. ప్రమాదం అంతా ఆ సర్టిఫికెట్ లోనే ఉంది, దానితో ఎవడైనా బ్యాంకు సైట్ వేషం వెయ్యొచ్చు. ప్రోగ్రాం పోయింది, తాళం చెవి ఇంట్లోనే ఉండిపోయింది.

అందుకని అదే రుసినొవిచ్ రాసిన ఆటోరన్స్ ని నా లాప్‌టాప్ లో దింపి పెన్ డ్రైవ్ లో తీసుకెళ్ళాను. ఇది మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తుంది. కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతట అవే లేచే ప్రతిదాన్నీ చూపిస్తుంది, స్టార్టప్ లో ఉన్నవీ, సర్వీసులుగా ఉన్నవీ, టైముకి లేచే షెడ్యూల్డ్ టాస్కులూ. మైక్రోసాఫ్ట్ వాటిని దాచెయ్యమంటే జాబితా ఇరవై ముప్ఫై పంక్తులకి దిగుతుంది. అందులో ఒక సర్వీస్ దొరికింది. వేరే కంపెనీ రిమోట్ ప్రోగ్రాం, ప్రోగ్రాముల జాబితాలో దాని పేరే లేదు. ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి రావడానికి పాస్‌వర్డ్ పెట్టి ఉంచారు. మొదటిది మనం చూసి తీసెయ్యడానికి, రెండోది వాళ్ళు మళ్ళీ రావడానికి. సర్వీస్ ఆపి, తీసేసి, ఫోల్డర్ తుడిచాను. బ్రౌజర్ లో "మీ బ్రౌజర్ ని మీ సంస్థ నిర్వహిస్తోంది" అని కూడా ఉంది. మా పెదనాన్నకి ఏ సంస్థా లేదు. ఇంటి కంప్యూటర్ లో ఆ వాక్యం కనపడితే ఎవరో పాలసీ పెట్టారన్న మాట. కొన్ని యాంటీవైరస్ లు కూడా పెడతాయి, ఇక్కడ అది ఆ స్పీడ్ ప్రోగ్రాం పని.

తర్వాత రీస్టార్ట్ చేసి మళ్ళీ చూశాను. రీస్టార్టే చెయ్యాలి, షట్ డౌన్ కాదు. విండోస్ 8 నుంచి షట్ డౌన్ అంటే చాలా కంప్యూటర్లలో సగం నిద్ర మాత్రమే, రీస్టార్ట్ లోనే అంతా కొత్తగా మొదలవుతుంది. ఏదీ తిరిగి రాలేదు.

"అయితే పోయినట్టేనా బాబూ?" అన్నారు పెదనాన్న.

"నాకు కనపడినవి పోయాయి పెదనాన్నా. కనపడనిది లేదని చెప్పలేను. వాడు గంట సేపు మొత్తం అధికారాలతో లోపల కూర్చున్నాడు. ఫార్మాట్ చెయ్యాలి."

ఆయనకి కోపం వచ్చింది. "ఏట్రా నువ్వు! రెండేళ్ళ నుంచి ఫార్మాట్ ని తిడతన్నావు కదా."

నేను తిట్టింది ఫార్మాట్ ని కాదు. కారణం చూడకుండా చెయ్యడాన్ని. మొదటిసారి కారణం బ్రౌజర్ లో ఒక టిక్కు, దానికి ఇల్లు కూల్చక్కర్లేదు. ఈసారి తెలియని మనిషి ఇంట్లో తిరిగి వెళ్ళాడు, ఏ తాళానికి మారు చెవి చేయించుకున్నాడో లెక్క తేలదు. మందు అదే, రోగం వేరు. ఆయన కాసేపు ఆలోచించి, "ఫొటోలు?" అన్నారు. ఈసారి డెస్క్ టాప్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్ బుక్‌మార్కులు అన్నీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించి, ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బయటి డిస్క్ లోకి తీశాను. ప్రోగ్రాములు ఒక్కటి కూడా తియ్యలేదు.

అన్నిటికన్నా ముందు చేసిన పని కంప్యూటర్ కి సంబంధించింది కాదు. పెద్దమ్మ ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ ఆపించి, 1930 కి ఫిర్యాదు ఇచ్చాము. పాస్‌వర్డ్ లన్నీ ఫోన్ లోనే మార్చాము, ఆ కంప్యూటర్ లో మార్చితే కొత్తవి కూడా వాడికి చెప్పినట్టే. అక్కడ ఆలస్యం చెయ్యకూడదు. 2017 జులైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారుడే వివరాలు చేతికిచ్చిన చోట, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుడిదే. డిపాజిట్ కదలలేదు. 6,999 ఇంకా రాలేదు.

ఆ పాత మెషీన్ మీద విండోస్ 11 ఎక్కదు, విండోస్ 10 కి మామూలు సపోర్ట్ ఆ తర్వాత మూడు నెలల్లో, 2025 అక్టోబర్ 14 తో ముగిసింది. షాపువాడి పెన్ డ్రైవ్ లో ఉండే దొంగ విండోస్ మీద నాకు నమ్మకం లేదు. ఆయనకి కావలసింది బ్రౌజర్ ఒక్కటే కాబట్టి లినక్స్ మింట్ వేశాను. తెలుగు అక్షరాలు బాగానే కనపడుతున్నాయి. రాశి ఫలాలు ఇప్పటికీ చూస్తున్నారు, నేను ఆ సంగతి ఎత్తలేదు.

డిసెంబర్ లో ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేశారు. మళ్ళీ ఆ సైరన్ పేజీ వచ్చిందట, "మీ విండోస్ లో 5 వైరస్ లు" అని. "మన దాంట్లో విండోసే లేదు కదరా, మరి వీడు ఎక్కడ చూసి లెక్కెట్టాడు?" అన్నారు. పేజీ ఆయనే మూసేశారు.

ఫొటోలలో ఇరవై దాకా చుట్టాల దగ్గర నుంచి మళ్ళీ వచ్చాయి. వాళ్ళ అమ్మగారి ఫొటో ఇంకా దొరకలేదు. టెక్కలిలో ఒక మేనత్త కొడుకు దగ్గర ఉండొచ్చని వెతికిస్తున్నారు.